మార్చుకోనిచ్చే బొమ్మే మా తరగతికి పనికొస్తుంది

ఒడిశా రాయగడ జిల్లాలోని గుణుపురం పరిసరాల్లో పాఠం చెప్పేవారి అవసరం మిగతా చోట్ల కంటే కొంత వేరుగా ఉంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు బడిలో ఒడియాలో చదువుతారు, పరీక్ష కూడా ఒడియాలోనే రాస్తారు. వారి పక్కన కూర్చున్న పిల్లవాడు సవర అనే గిరిజన భాష మాట్లాడే ఇంటినుంచి వచ్చి ఉంటాడు. వీరంతా పైచదువుకు బరంపురమో విశాఖపట్నమో వెళ్ళినప్పుడు అదే విషయాన్ని ఇంగ్లీషులో చదవవలసి వస్తుంది. అందువల్ల విజ్ఞానశాస్త్రం బోధించే నేను అంతర్జాలంలో ఉచితంగా దొరికే బొమ్మనుగానీ వీడియోనుగానీ ఎంచుకునేటప్పుడు, దాన్ని మా పిల్లలకు తగినట్టు మార్చుకోవడానికి తయారుచేసినవారు అనుమతి ఇచ్చారా లేదా అన్నదే అన్నిటికంటే ముందు చూస్తాను. అందచందాలు ఆ తరువాతి సంగతి.

ఉపాధ్యాయులలో ఎక్కువమందికి మొదట గుర్తుకొచ్చేది దీక్ష. 2017 సెప్టెంబరు 5న మొదలైన ఈ ప్రభుత్వ అంతర్జాల వేదికలో పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుకు చూపితే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు తెరుచుకుంటాయి, వాటిని ఫోనులోకి దించుకుని నెట్ లేనప్పుడు కూడా చూడవచ్చు. అది ఎంతో మేలైన ఏర్పాటు. అయితే అందులోని తెలుగు పాఠాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠ్యప్రణాళికలను అనుసరించి ఉంటాయి, ఒడియా పాఠాలు తెలుగింటి పిల్లలకు సగమే అందుతాయి, పూర్తయిన వీడియోలో మనం ఒక్క మాట కూడా మార్చలేము. నాకు అంతకంటే ఎక్కువగా ఉపయోగపడినవి 2020 తరువాత ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో అదే విషయం తెలుగులో ఉండడంతో, ఒక సాంకేతికపదానికి తెలుగులో బడిపిల్లలు నిజంగా వాడే మాట ఏదో తేల్చుకోవడానికి నిఘంటువు కంటే అవే త్వరగా అక్కరకు వస్తాయి.

బొమ్మల విషయానికి వస్తే, నేను అన్నిటికంటే ఎక్కువగా ఆధారపడేది స్వేచ్ఛగా వాడుకోగల బొమ్మల భాండాగారమైన వికీమీడియా కామన్స్ మీద. అక్కడ ఎస్‌వీజీ రకం ఫైళ్ళను వెతకమని తోటి ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా చెబుతాను. ఈ రకం ఫైలులో పేర్లను సాధారణంగా అక్షరాలుగానే దాస్తారు కాబట్టి, ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఇంగ్లీషు మాటను తీసివేసి మన మాటను టైపు చేయవచ్చు. మానవ హృదయం బొమ్మను నేను ఇలాగే సిద్ధం చేసుకున్నాను. ఎడమ కర్ణిక అన్న పేరు కింద ఒడియా లిపిలో అళింద అని, జఠరిక కింద నిళయ అని చిన్న అక్షరాలతో చేర్చాను. బాణం గుర్తులు అలాగే ఉంచి, చెడు రక్తం, మంచి రక్తం ప్రవహించే భాగాల నీలం, ఎరుపు రంగులను మాత్రం కాస్త ముదురు చేశాను. మధ్యాహ్నం వెలుతురులో కిటికీలు మూసినా ప్రొజెక్టర్ మీద లేత రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. పిల్లవాడు తనకు వచ్చిన భాషలో పేరు చదివి, పరీక్షలో రాయవలసిన పేరును దాని కిందనే చూస్తాడు. ఈ పని ఏ ఖరీదైన వీడియోతోనూ సాధ్యపడలేదు.

మార్చుకోవడానికి అనుమతి ఉన్నదీ లేనిదీ లైసెన్సు చదివితే తెలుస్తుంది. తమ పనిని ఇతరులు ఎలా వాడుకోవచ్చో కర్తలు ముందే చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులలో బై అని ఉంటే కర్త పేరు చెప్పాలి. ఎస్ఏ అని ఉంటే మనం మార్చినదాన్ని కూడా అదే లైసెన్సుతో ఇతరులకు ఇవ్వాలి. ఎన్‌సీ ఉన్నదాన్ని వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ ఉంటే మార్చిన రూపాన్ని పంచకూడదు, కాబట్టి మా తరగతికి అది దాదాపు పనికిరానట్టే. గూగుల్‌లో బొమ్మలు వెతికేటప్పుడు కూడా వాడుక హక్కుల వడపోతలో క్రియేటివ్ కామన్స్‌ను ఎంచుకుంటే ఇటువంటివి పైకి వస్తాయి, అయితే అసలు పుటకు వెళ్ళి లైసెన్సును ఒకసారి కళ్ళారా చూసుకోవడం అవసరం. ప్రతి ప్రదర్శన చివర ఒక స్లైడును కేటాయించి, బొమ్మ పేరు, కర్త పేరు, దొరికిన చోటు, లైసెన్సు అందులో రాస్తాను. పిల్లలు ప్రాజెక్టు పని చేసేటప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించాలని అడుగుతాను, వారు శ్రద్ధగా పాటిస్తున్నారు.

బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ ఒక రచనను నకలు చేసుకోవడానికి 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. విశ్వవిద్యాలయంలో పుస్తక భాగాలను జిరాక్స్ చేసి ఇచ్చిన వ్యాజ్యంలో 2016లో ఢిల్లీ హైకోర్టు కూడా ఈ వెసులుబాటును బలపరిచింది. కానీ మన స్లైడ్లు తరగతి గదిలో ఆగడం లేదు. వాట్సాప్ బృందాలకు వెళతాయి, అక్కడినుంచి యూట్యూబ్‌కు ఎక్కుతాయి. అంత దూరం వెళ్ళే అవకాశం ఉన్నప్పుడు మొదటినుంచీ స్వేచ్ఛా లైసెన్సు ఉన్నదాన్ని వాడడమే క్షేమమని నా అభిప్రాయం.

ప్రయోగశాల సామాను అరకొరగా ఉన్న బడులకు ఫెట్ ఒక వరం. భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఈ సంస్థ ప్రయోగాలను తెరమీదనే చేసి చూసే వీలు కల్పించింది, వాటిలో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఒక్కొక్క ప్రయోగాన్ని ఒకే ఫైలుగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్ళవచ్చు కాబట్టి, కొండ దిగువ బడుల్లో సిగ్నల్ లేకపోయినా పాఠం ఆగదు. విద్యుత్ వలయం ప్రయోగంలో పిల్లలు తీగను బ్యాటరీ రెండు కొసలకూ నేరుగా తగిలించినప్పుడు తెరమీద బ్యాటరీకి మంట అంటుకుంటుంది. బల్బును మధ్యలో పెట్టగానే మంట పోయి వెలుగు వస్తుంది. ప్రవాహాన్ని సూచించే చిన్న గుండ్రాలు మొదటిసారి ఎందుకు అంత వేగంగా పరుగెత్తాయో వారు తమంతట తామే అడుగుతారు. నిజమైన బ్యాటరీతో ఇది చేయించే ధైర్యం నాకు లేదు, చేయించకూడదు కూడా.

సాంఘికశాస్త్రం చెప్పేవారికి, ఎవరైనా చేర్పులు చేయగల అంతర్జాల పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను చూపించమని సలహా ఇస్తున్నాను. కలహండి, రాయగడ సరిహద్దు కొండల్లో పుట్టి, గుణుపురం పక్కగా పారి, శ్రీకాకుళం జిల్లాలోకి దిగి కళింగపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలిసే వంశధార సుమారు 254 కిలోమీటర్ల దారిని పిల్లలు వేలితో వెంబడించవచ్చు. తమ ఊరి పేరు పటంలో లేకపోతే దాన్ని చేర్చే హక్కు వారికే ఉంది. చిన్న తరగతులకు ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్ చాలు. అందులో తెలుగు, ఒడియా కథలు పుష్కలంగా ఉన్నాయి, సవర కథలు కూడా కనిపిస్తాయి, వాటిని మనమే మరో భాషలోకి అనువదించి అక్కడే ప్రచురించవచ్చు.

ఒక ఇబ్బందిని మాత్రం ముందే చెప్పాలి. పాత అను ఫాంట్లతో చేసిన తెలుగు స్లైడ్లు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులుగా మారిపోతాయి. ఏ కంప్యూటరైనా గుర్తించే అక్షర సంకేత పద్ధతి యూనికోడ్‌లో టైపు చేసి, నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంటు వాడి, ఫాంటును ఫైలులోనే పొదిగే సౌకర్యం ఉన్న లిబ్రేఆఫీస్‌లో దాచుకుంటే ఆ బెడద ఉండదు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారి పేరుతో గూగుల్ ఫాంట్స్‌లో ఒక తెలుగు ఫాంటు ఉంది, నా శీర్షికలకు అదే వాడుతున్నాను. ఏదేమైనా పీడీఎఫ్ ప్రతి ఒకటి పెన్‌డ్రైవ్‌లో తప్పక ఉండాలి.

హృదయం బొమ్మ తరువాత ఇప్పుడు జీర్ణవ్యవస్థ బొమ్మకు రెండు లిపుల్లో పేర్లు చేర్చే పని మొదలుపెట్టాను. ఒడియా పదాలను సరిచూడగల ఉపాధ్యాయులు, ముఖ్యంగా రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాలలో తొమ్మిది, పది తరగతులకు బోధిస్తున్నవారు, ఈ టపా కింద ఒక మాట రాస్తే ఫైలు పంపుతాను. పూర్తయ్యాక దాన్ని అదే లైసెన్సుతో కామన్స్‌లోకి ఎక్కిస్తాను.