నాన్న గది తలుపు మీద అంటించిన కాగితం

నాన్నకి పెద్దపేగు ఆపరేషన్. అంతకుముందు వేరే ఆసుపత్రిలో ఐసీయూలో ఉండి, మెరోపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్ ఎక్కించుకుని బయటపడ్డారు. అడ్మిషన్‌లో ఆ మాట చెప్పగానే సిస్టర్ దూదిపుల్ల తెచ్చి మలద్వారం నుంచి శాంపిల్ తీశారు. "నాకేం జ్వరమా పాడా, ఇదెందుకు?" అని నాన్న సణిగారు.

శాంపిల్‌లోని సూక్ష్మజీవుల్ని పెంచి చూసే కల్చర్ రిపోర్టులో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా, అదీ కార్బపెనెమ్‌లకు, అంటే మెరోపెనెమ్ లాంటి మందులకు, లొంగని రకం అని వచ్చింది. వెంటనే విడి గదిలోకి మార్చారు. తలుపు మీద కాగితం, లోపలికి ఎవరొచ్చినా గౌను, గ్లౌజులు. విషయం మాత్రం మాకెవరూ చెప్పలేదు. "నన్ను వెలేశార్రా" అన్నారు నాన్న. కాగితం అంటించిన చేత్తోనే రెండు ముక్కలు చెబితే ఏం పోయేది?

మర్నాడు ఇన్ఫెక్షన్ కంట్రోల్ డాక్టరమ్మ వచ్చి కూర్చుని చెప్పారు. అది పేగుల్లో మకాం పెట్టిందంతే, రక్తంలోకో మూత్రంలోకో చేరి జబ్బు చేయలేదు, కాబట్టి మందు అక్కర్లేదు. "మందిచ్చి చంపేయొచ్చు కదండీ?" అన్నాను. మందు వేస్తే చచ్చేది పక్కనున్న మంచి బ్యాక్టీరియా, దీనికి ఇంకా చోటు దొరుకుతుందన్నారు. పైగా మందుని విరగ్గొట్టే జన్యువుని పక్క బ్యాక్టీరియాకి కూడా అందించగలదట. పక్క మంచాల్లో ఉన్నవాళ్ల కోసమే ఈ గౌన్లన్నీ అని అప్పుడు నాన్నకి ఎక్కింది.

గౌను విప్పడం కూడా ఒక విద్యే. ముందు గ్లౌజులు, తర్వాత గౌనుని లోపలి వైపు పైకొచ్చేలా చుట్టి బుట్టలో వేయాలి, ఆపైన చేతులు కడుక్కోవాలి. బెడ్‌పాన్ కడిగిన నీళ్లు వాష్‌బేసిన్‌లో పొయ్యనిచ్చేవారు కాదు. ఈ సూక్ష్మజీవులు ఆ గొట్టాల్లో నెలల తరబడి తిష్ఠ వేస్తాయట.

ఆపరేషన్‌కి ముందిచ్చే యాంటీబయాటిక్‌ని రిపోర్టు చూసి మార్చారు. తర్వాత ఒక రాత్రి జ్వరం వచ్చింది. బ్లడ్ కల్చర్‌లో ఏమీ పెరగలేదనే దాకా నాకు నిద్ర లేదు.

ఇదెప్పుడు పోతుందంటే, కొందరిలో నెలల్లో, కొందరిలో ఏడాది దాటినా ఉంటుందన్నారు. ఇంట్లో గౌన్లు అక్కర్లేదు, మనవల్ని ఎత్తుకోవచ్చు, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు.

డిశ్చార్జ్ కాగితాల్లో ఈ సంగతి చివరి పేజీలో ఎక్కడో ఉంది. రేపు వేరే ఆసుపత్రిలో ఎమర్జెన్సీకి వెళ్తే, ఏ మందు మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి అక్కడి డాక్టరు ముందుగా చూడాల్సింది ఇదే. పట్టుబట్టి మొదటి పేజీలో, అలర్జీల పక్కనే రాయించాను.