జైలు నుంచి దావా: వాయిదాల్లో కట్టిన 350 డాలర్లు

అమెరికాలో ఒక రాష్ట్ర జైలులో శిక్ష అనుభవిస్తున్న రోజుల్లో నా కాలి పుండుకు నెలల తరబడి సరైన వైద్యం అందలేదు. షుగరు ఉన్నవాడికి కాలి పుండు ఎంత ప్రమాదమో మా నాన్నగారి విషయంలో కళ్ళారా చూసినవాణ్ణి కాబట్టి ఫెడరల్ కోర్టులో సివిల్ దావా వేయాలని నిశ్చయించుకున్నాను. వకీలును పెట్టుకునే స్తోమత లేదు. పేదవారికి కోర్టు ఫీజు మాఫీ అవుతుందని విని ధైర్యం తెచ్చుకున్నాను గాని, ఖైదీకి ఆ మాఫీ లేదని దరఖాస్తు చేతికి వచ్చాకే తెలిసింది.

1996 ఏప్రిల్‌లో అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఖైదీ ఎంత నిరుపేద అయినా 350 డాలర్ల ఫీజు పూర్తిగా కట్టవలసిందే. కోర్టు చూపే దయల్లా దాన్ని వాయిదాల్లో తీసుకోవడమే. దరఖాస్తుకు గత ఆరు నెలల జైలు ఖాతా లెక్కను అధికారి ధ్రువీకరణతో జతచేయాలి. నెలసరి సగటు జమ, సగటు నిల్వ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిలో 20 శాతం మొదట చెల్లించాలి. అక్క నెలనెలా పంపే 50 డాలర్లే నా రాబడి కాబట్టి నాకది 10 డాలర్లయింది. ఆ తరువాత ఖాతాలో 10 డాలర్లు దాటినప్పుడల్లా, అంతకుముందు నెల రాబడిలో 20 శాతం జైలువారే కోర్టుకు పంపుతారు. మిగిలిన 340 డాలర్లు తీరడానికి 34 నెలలు పడుతుంది. దావా మధ్యలో ఓడిపోయినా కోత ఆగదు. ఖాతాలో ఏమీ లేనివాడి దావాను ఆ కారణంతో ఆపకూడదని చట్టంలోనే ఉండటం ఒక్కటే ఊరట. ఖాతా చీటీలో జమ 50, కోర్టు 10 అని ఒకదాని కింద ఒకటి కనిపించిన ప్రతినెలా, సబ్బు తగ్గించుకోవాలా, అక్కతో మాట్లాడే ఫోను నిమిషాలు తగ్గించుకోవాలా అని లెక్క వేసుకునేవాణ్ణి.

డబ్బుకన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది మరొక నిబంధన. జైలు లైబ్రరీలో పరిచయమైన ఒక పెద్దాయన వేసిన మూడు దావాలు అంతకుముందే కొట్టివేతకు గురయ్యాయి. పసలేనిదనో, దురుద్దేశంతో వేసిందనో, చట్టం పరిహారమివ్వగల కారణం చూపలేదనో మూడుసార్లు కొట్టివేస్తే, తీవ్రమైన శారీరక హాని ముంచుకొస్తే తప్ప, ఆ ఖైదీకి వాయిదాల సౌకర్యం ఉండదు, మొత్తం ఫీజు ముందే కట్టాలి. మళ్ళీ వేసుకోవచ్చని చెప్పి కొట్టివేసినా అది లెక్కలోకి వస్తుందని సుప్రీంకోర్టు 2020లో తీర్పు ఇచ్చింది. పసలేని దావాలను ఆపడానికి తెచ్చిన ఈ నిబంధన రాయడం చేతకానివాడిని కూడా అదే గాటన కడుతోందని ఆయనను చూశాక నాకు గట్టిగా అనిపించింది.

తొందరపడవద్దని ఆయనే హెచ్చరించారు. జైలు లోపలి ఫిర్యాదు ప్రక్రియను చివరి మెట్టు దాకా పూర్తిచేయనిదే దావా నిలవదు కాబట్టి, కాలు నొప్పి పెడుతున్నా జవాబులన్నీ వచ్చేవరకు ఆగి, ఏ తేదీన ఏ చీటీ ఇచ్చానో, ఎవరు ఏమని జవాబిచ్చారో వరుసగా పెట్టుకుని దావాను చేత్తో మూడుసార్లు తిరగరాశాను. ప్రతివాదులకు నోటీసు వెళ్ళకముందే జడ్జి జరిపే పరిశీలనలో, వైద్యం నిరాకరించారన్న అంశంపై దావా ముందుకు సాగవచ్చని ఉత్తర్వు వచ్చింది. పెద్దాయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, నేను రాసిన తేదీల పట్టిక నకలు ఒకటి కావాలని అడిగారు. ఆ రాత్రే కూర్చుని రాసి ఇచ్చాను.