‘నీకు ఉపదేశింపబడిన సంగతులు’

లూకా తన సువార్త మొదట్లోనే థెయొఫిలాతో అనే మాట ఇది (1:4). ఎన్నిసార్లు చదివి దాటిపోయానో. గ్రీకులో అక్కడున్న క్రియ కతేఖేయో. కతా అంటే కిందికి, ఏఖెయో అంటే మోగడం. ఒక గొంతు దిగివచ్చి చెవిలో మోగడమన్నమాట. ప్రశ్నలు, జవాబులుగా విశ్వాసాన్ని నేర్పే పుస్తకానికి కాటెకిజం అనే పేరు దీన్నుంచే పుట్టింది. మైకులకు పెట్టించే ఎకో కూడా ఈ కుదురుదే. తెలియని భాషలో పదివేల మాటలకంటే ఇతరులకు బోధ కలిగే అయిదు మాటలు మేలని కొరింథీయులకు రాసినప్పుడు పౌలు వాడిందీ ఇదే క్రియ. అయిదు మాటలు చాలు, లోపల మోగితే.

మనవాళ్లు ఎంచుకున్న మాట నాకింకా ఇష్టం. ఉపదేశంలో ‘ఉప’ అంటే దగ్గర, ‘దిశ్’ అంటే చూపడం. పక్కన కూర్చుని చూపించాలి. కతోలికులు సత్యోపదేశం అన్నా, పల్లెల్లో ప్రార్థన నడిపే పెద్దాయనను ఉపదేశిగారూ అని పిలిచినా అందులో ఆ దగ్గరతనం ఉంది.

మొన్న సండే స్కూల్లో ఒక బాబు పది ఆజ్ఞలూ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. “దొంగిలకూడదు అంటే ఏంటి నాన్నా?” అన్నాను. వాడు వెనక్కి తిరిగి వాళ్లమ్మ వైపు చూశాడు. ఆవిడ ఫోన్‌లోంచి తలెత్తి, “బుక్‌లో ఉన్నదే చెప్పరా” అంది. నాకు కడుపు తరుక్కుపోయింది.

జర్మనీలో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ 1529లో చిన్న కాటెకిజం రాసినప్పుడు, దాని భాగాలకు ‘ఇంటి యజమాని తన ఇంటివాళ్లకు నేర్పవలసిన విధం’ అనే శీర్షిక పెట్టాడు. “దీని అర్థమేమి?” అని మాటిమాటికీ అడిగించాడు. ఆ పుస్తకాన్ని జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగులోకి తెచ్చి, 1746లో జర్మనీలోని హాలె నగరంలో అచ్చు వేయించాడు. మన భాషలో తొలి అచ్చు పుస్తకాల్లో అదొకటి. అంత దూరం నుంచి మన ఇళ్లకోసం వచ్చిన పుస్తకాన్ని మనం ఆదివారం గంటకు అప్పగించి చేతులు దులుపుకున్నాం. అమ్మలారా, అయ్యలారా, ఈ రాత్రి అన్నం తినేటప్పుడు ఒక్క ఆజ్ఞ గురించి పిల్లలతో మాట్లాడండి. తప్పులు పోయినా ఫర్వాలేదు, మీ గొంతుతో చెప్పండి.

మా నాయనమ్మకు చదువు రాదు. చాటలో బియ్యం చెరుగుతూ నాకు పరలోక ప్రార్థన నేర్పింది. “మా అనుదినాహారము” అని చాట ఒకసారి ఎగరేసి, రాయి ఏరి పక్కన పడేసి, అప్పుడు “నేడు మాకు దయచేయుము” అనేది. ఇప్పటికీ గుడిలో అందరూ ఆ వాక్యం ఒకే ఊపులో చెప్పేస్తారు. నేను మాత్రం మధ్యలో ఆగుతాను, ఆ రాయి పక్కన పడేదాకా.