పిస్టల్ డైరీ, బల్లార్షా: ఈసారి స్కోరు కంటే చెవుల గొడవే ఎక్కువ

ఈ నాలుగు నెలల్లో నేను గ్రిప్ మార్చలేదు, ట్రిగ్గర్ మీద వేలు పెట్టే చోటు మార్చలేదు, నిలబడే తీరూ అదే. మారిందల్లా చెవిలో పెట్టుకునే రెండు పసుపు స్పాంజి ముక్కల సంగతి. నిదానంగా గురిచూసి కొట్టే ప్రెసిషన్ స్టేజి 30 షాట్లలో 231 దగ్గర మొరాయించిన స్కోరు పోయిన ఆదివారం 254 అయింది. గొప్పేం కాదు, స్టేట్ లెవెల్ పిల్లలు నవ్వుతారు. కానీ ఎందుకు పెరిగిందో నాకు తెలుసు, అదే రాస్తున్నా.

కొత్తగా చదివేవాళ్ళకి రెండు ముక్కలు. మాది బల్లార్షా, ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. బాపుకి పిండి గిర్ని ఉంది, దాని వెనక గోదాములో టేపు పెట్టి 10 మీటర్లు కొలిచి ఏడాదిన్నర ఎయిర్ పిస్టల్ కొట్టాను. తర్వాత చిన్న తూటా కొట్టే .22 పిస్టల్ మీదకి మనసు పోయింది. నాకు లైసెన్స్ లేదు, క్లబ్బు తుపాకీతో క్లబ్బు రేంజిలోనే కొడతాను, నెలకు రెండు ఆదివారాలు పొద్దున రైలెక్కి నాగపూర్ వైపు వెళ్ళి రాత్రికి తిరిగి రావడం.

ఎయిర్ పిస్టల్ మోత ఎంత, స్టీలు గిన్నె మీద గరిటె తగిలినంత. అందుకే .22 మొదటి రోజు నేను అనుకున్నది వేరు, చెవికి తగిలింది వేరు. అంతకుముందు పక్క లేన్లో ఒకబ్బాయి అదే .22 తూటా రైఫిల్లో కొడుతుంటే పెద్ద విషయంలా అనిపించలేదు. అదే తూటా నా చేతిలో పిస్టల్ నుంచి పోతే ఫట్‌మని ముఖం మీద కొట్టినట్టుంది. కోచ్ సర్‌ని అడిగితే ఆయన చెప్పింది సింపుల్‌గానే ఉంది. రైఫిల్ బ్యారెల్ పొడుగ్గా ఉంటుంది కాబట్టి గుండు బయటికొచ్చేలోపు లోపలి గ్యాసు చాలావరకు వ్యాకోచించి నీరసపడిపోతుంది. మ్యాచ్ పిస్టల్ బ్యారెల్ రూలు ప్రకారమే 153 మిల్లీమీటర్లు దాటకూడదు, అంటే ఆరు అంగుళాలు. గుండు బయటపడే సమయానికి వెనకున్న గ్యాసు ఇంకా మంచి ప్రెషర్ మీదే ఉంటుంది, అది ఒక్కసారిగా గాలిలోకి తన్నుకొస్తుంది. కుక్కర్ విజిల్ మెల్లగా వదలడానికీ, ప్రెషర్ ఉండగా మూత ఎగిరిపోవడానికీ ఉన్న తేడా. .22 రైఫిల్ శబ్దం 140 డెసిబెల్స్ దగ్గర ఉంటే పిస్టల్లో 150 దాటుతుంది, .22 కంటే పెద్ద తూటాల సెంటర్ ఫైర్ పిస్టళ్ళు, రివాల్వర్లు 155 నుంచి 165 దాకా పోతాయి. చెవికి ఏమీ లేకుండా ఒక్క దెబ్బకి కూడా 140 దాటకూడదన్నది వృత్తి ఆరోగ్యం వాళ్ళు పెట్టుకున్న గీత. మన దీపావళి టపాకాయలకి కూడా నాలుగు మీటర్ల దూరంలో 145 దాటకూడదని రూలు ఉంది. ఇక్కడ నాలుగు మీటర్లు ఎక్కడివి, చెయ్యి చాపినంత దూరమే కదా.

డెసిబెల్ లెక్క మామూలు కూడికల లెక్క కాదని కూడా అప్పుడే బుర్రకెక్కింది. 10 పెరిగితే శక్తి పదింతలు, 20 పెరిగితే వందింతలు. 140కీ 160కీ మధ్య "ఇరవయ్యే కదా" అనుకుంటే చెవి పోయినట్టే.

నా దగ్గర ఫోన్లో శబ్దం కొలిచే యాప్ ఉంది, రెండో వారం బల్ల మీద పెట్టి చూస్తే 97 చూపించింది. అబ్బో తక్కువే అని సంబరపడి సర్‌కి చూపిస్తే ఆయన నవ్వాపుకోలేదు. ఫోన్ మైకు అంత పెద్ద శబ్దాన్ని, అంత తక్కువ సమయంలో అందుకోలేదు, దాని గరిష్ఠం దగ్గరే చేతులెత్తేస్తుంది. తుపాకీ దెబ్బ మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది. ఫోన్ అంకె చూసి మఫ్ (చెవుల మీద బోర్లించే రెండు కప్పులు) తీసేసేవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి ఆపండి.

ఇక అసలు తప్పు. మార్చి నెల. నా ఎడమ లేన్‌కి ఒక కాకా వచ్చారు, లైసెన్స్ ఉన్న మనిషి, ఏడాదికోసారి చెయ్యి తిప్పుకోవడానికి వస్తారట. ఆయన దగ్గర .32 రివాల్వర్, బ్యారెల్ బెత్తెడు కూడా లేదు. నేను నా సిరీస్ (ఐదు షాట్లు) అయిపోయి సర్ ఏదో అంటుంటే వినపడక ఎడమ కప్పు రెండు వేళ్ళతో పైకెత్తాను. లోపల ప్లగ్ లేదు, అప్పట్లో మఫ్ ఒక్కటే వాడేవాణ్ని. సరిగ్గా అప్పుడే కాకా కాల్చారు. ఒక్క రౌండు. ఆ తర్వాత సర్ పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం బావిలోంచి వస్తున్నట్టుంది, ఎడమ చెవి దిబ్బడ వేసి లోపల సన్నగా కుయ్‌మని కీచురాయి మొదలైంది. తిరుగు రైల్లో కూడా అదే. రెండు రోజులకి తగ్గింది.

కాకాని ఏమనాలి, ఆయన లేన్లో ఆయన పద్ధతిగానే కాల్చారు. కప్పు ఎత్తింది నేను. రివాల్వర్ సంగతి కూడా తర్వాతే తెలిసింది. గుండు ముందుకి పోతుంటే సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య ఉన్న సందులోంచి కూడా గ్యాసు పక్కలకి చిమ్ముతుంది. పైగా మజిల్ (బ్యారెల్ మూతి) శబ్దం అన్ని దిక్కులకీ సమంగా పోదు, ముందుకి ఎక్కువ, వెనక్కి తక్కువ. అంటే పక్కన ఒక అడుగు ముందుగా నిలబడినవాడికి కాల్చినవాడికంటే గట్టిగా తగలొచ్చు. మూతికి మజిల్ బ్రేక్ అనే రంధ్రాల ముక్క ఉన్న తుపాకీ అయితే ఇంకా ఘోరం, అది గ్యాసును పక్కలకీ వెనక్కీ మళ్ళిస్తుంది.

వారం ఆగి చంద్రపూర్‌లో చెవి డాక్టర్ దగ్గర ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫు) తీయించాను. వెంటనే తీయిస్తే తాత్కాలికంగా మొద్దుబారిన చెవినే చూపిస్తుంది, కనీసం 14 గంటలైనా పెద్ద చప్పుడు లేకుండా ఉండి రమ్మంటారు. నా గ్రాఫు రెండు చెవులకీ 10, 15 డెసిబెల్స్ దగ్గర తిన్నగా పోయి (అంకె పెరిగితే వినికిడి తగ్గినట్టు), ఎడమ చెవికి 4000 హెర్ట్జ్ దగ్గర 35కి జారి 8000 దగ్గర మళ్ళీ పైకి లేచింది. రోడ్డు మీద గుంతలా ఉంది. మోతకి దెబ్బతిన్న చెవికి ఇదే గుర్తట. డాక్టరమ్మ ఇంట్లో ఏం పని అని అడిగారు, పిండి గిర్ని అన్నాను, ఆవిడ పెన్ను కింద పెట్టేసి "అయితే ఇది తుపాకీదో గిర్నిదో నేను చెప్పలేను" అన్నారు. చిన్నప్పటి నుంచీ గిర్నిలోనే హోంవర్కు చేసినవాణ్ని. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు చస్తే మళ్ళీ మొలవవు, పెద్దయ్యాక ఊడిన పన్నులాగా. బాపు ఎప్పుడూ అనే మాట గుర్తొచ్చింది, "మాట వినపడ్తది రా, ఏమంటున్నరో తెలుస్తలేదు". ఎక్కువ ఫ్రీక్వెన్సీలు పోతే స, ష, చ లాంటివి ముందు మాయమవుతాయి, మాట మోగుతుంది గానీ అంచులు ఉండవు.

అప్పటి నుంచి ప్లగ్గులూ మఫ్ రెండూ. ఇక్కడే నెలన్నర తప్పు చేశాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

ఫోమ్ ప్లగ్ని నేను మొదట్లో బిరడా కొట్టినట్టు నొక్కేవాణ్ని. సగం బయటే ఉండేది. డబ్బా మీద ఎన్‌ఆర్‌ఆర్ 33 (మోతని ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే అంకె) అని ఉంది కదా అని ధైర్యం. సరైన పద్ధతి ఏంటంటే, దాన్ని ముడతలు పడకుండా వేళ్ళ మధ్య వత్తిలా సన్నగా చుట్టాలి, అగరుబత్తి కంటే కొంచెం లావు అంతే. ఎదుటి చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగాలి, అప్పుడు చెవి దారి తిన్నగా అవుతుంది, వెంటనే లోపలికి తోసి అది ఉబ్బేదాకా వేలు అక్కడే పెట్టి ఉంచాలి. నేను మనసులో ముప్పై లెక్కపెడతాను, చలికాలంలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే చల్లగా ఉంటే ఫోమ్ నెమ్మదిగా ఉబ్బుతుంది. సరిగ్గా కూర్చుంటే ఎదురుగా చూసేవాడికి ప్లగ్ చివర దాదాపు కనపడదు, మన గొంతు మనకే కుండలో మాట్లాడినట్టు వినిపిస్తుంది. ఇంకో పరీక్ష, చప్పుడు ఉన్నచోట రెండు అరచేతులూ చెవుల మీద గట్టిగా మూసి తీయండి. మూసినప్పుడు చప్పుడు బాగా తగ్గితే ప్లగ్ సరిగ్గా లేనట్టే. నేను ఈ పరీక్ష గిర్ని నడుస్తుండగా చేస్తాను, ఇంటి పక్కనే ఫ్రీ ల్యాబు.

ఒక ముఖ్యమైన విషయం. ప్లగ్గులు తూటాలు ముట్టుకోకముందే పెట్టుకోవాలి. సీసం అంటిన వేళ్ళతో చుట్టి చెవిలో దూర్చడం నేను రెండు నెలలు చేశాను, తలచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

దూది? మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ అదే అంటారు. దూది చలిగాలికి పనికొస్తుంది, తుపాకీకి నామమాత్రం.

డబ్బా మీద అంకె అంతా మనకి దక్కదు. అది ల్యాబులో, నిదానంగా, సరిగ్గా పెట్టినప్పటి అంకె, అదీ ఒకే స్థాయిలో సాగే మోత మీద తీసింది. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా వాళ్ళ లెక్క ఒకటుంది, అంకెలోంచి 7 తీసేసి మిగిలింది సగం చేయమంటారు. నా మఫ్ 27, అంటే దక్కేది 10. ప్లగ్ 33, అంటే 13. రెండూ కలిపి పెట్టుకుంటే 10, 13 కూడి 23 రావు, పెద్దదానికి ఒక 5 చేరుతుంది, 18. ఇది మరీ పిసినారి లెక్కే, బాగా పెట్టుకున్నవాడికి ఇంతకంటే ఎక్కువే దక్కుతుంది. అయినా పక్క లేన్లో పొట్టి రివాల్వర్ ఉన్నరోజు నేను ఈ లెక్కే నమ్ముతాను.

మఫ్ దగ్గర నా సమస్య కళ్ళద్దాలు. మందపాటి ప్లాస్టిక్ కాడ కుషన్ కింద సందు చేస్తుంది, ఆ సందులోంచే మోత దూరుతుంది. సన్నటి తీగ కాడల ఫ్రేము చేయించాక తేడా మొదటి షాట్‌కే తెలిసింది. టోపీ అంచు, చెవుల మీది జుట్టు కూడా అంతే. మా చంద్రపూర్ ఎండల సంగతి తెలిసిందే, మేలో 45 దాటుతుంది, ఆ చెమటకీ వేడికీ కుషన్ తోలు ఆర్నెల్లలో గట్టిపడి పగుళ్ళిచ్చింది. బండి డిక్కీలో వదిలేయకండి. కుషన్లు విడిగా దొరుకుతాయి, కొత్త మఫ్ కొనక్కర్లేదు.

కప్పు ఎత్తే జబ్బు పోవాలని ఎలక్ట్రానిక్ మఫ్ కూడా ఒకటి తీసుకున్నా. మాటలు పెంచి వినిపిస్తుంది, పెద్ద మోత రాగానే దాన్ని నొక్కేస్తుంది. కింద ప్లగ్గులు పెట్టుకుని వాల్యూమ్ పెంచితే సర్ మాట హాయిగా వినపడుతుంది. కానీ ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రూలు ప్రకారం మ్యాచ్‌లో ఆటగాళ్ళు శబ్దాన్ని అందుకునే పరికరం ఉన్న మఫ్ పెట్టుకోకూడదు. అందుకని నెలలో ఒక ఆదివారం మామూలు మఫ్‌తోనే కొడుతున్నా. లైటు వెలగగానే గబగబా కొట్టాల్సిన ర్యాపిడ్ స్టేజిలో "అటెన్షన్" అన్నది సరిగ్గా వినపడదు, కాబట్టి ఎర్ర లైటు, పచ్చ లైటు మీదే కన్ను పెట్టడం అలవాటు చేసుకుంటున్నా.

రేంజి విషయం. పైన రేకుల కప్పు, పక్కన సిమెంటు గోడ, మోత అక్కడ తగిలి మళ్ళీ మన మీదికే వస్తుంది. నేను ఇప్పుడు గోడకి దూరంగా ఉన్న లేన్ అడుగుతాను, పొట్టి తుపాకీలు వచ్చినరోజు వీలైనంత దూరం జరుగుతాను. ఆరుబయట దూరం రెట్టింపయితే 6 డెసిబెల్స్ తగ్గుతుంది, రేకుల కింద అంత రాదు. ఒకాయన గోడలకి మామూలు ఫోమ్ షీట్లు అంటిద్దామన్నారు, సర్ వద్దన్నారు. కాలకుండా మిగిలిన మందు పొడి ఆ ఫోమ్‌లో పేరుకుంటే నిప్పంటుకుంటుంది. సైలెన్సర్ గురించి కూడా ఎవరో అడిగారు. మన చట్టంలో మనలాంటివాళ్ళకి దానికి అనుమతి లేదు, అక్కడితో ఆ మాట ముగిసింది.

స్కోరుకి వస్తే, నా గుండ్లన్నీ ఎడమ పక్క కిందకి, ఏడు గంటల వైపు పోయేవి. ట్రిగ్గర్ తప్పనుకుని నెలలు కుస్తీ పట్టాను. ఏప్రిల్లో సర్ నాకు చెప్పకుండా ఐదు రౌండ్ల మ్యాగజైన్‌లో రెండు డమ్మీలు (పేలని ఉత్తుత్తి తూటాలు) కలిపారు. డమ్మీ మీద ట్రిగ్గర్ నొక్కితే మోత లేదు, అయినా మజిల్ కిందకి ముక్కు పొడిచింది. అంటే నేను భయపడుతున్నది రాబోయే మోతకి. డబుల్ ప్రొటెక్షన్‌తో అదే డ్రిల్ నాలుగు ఆదివారాలు చేశాక ముక్కు పొడవడం పదిలో ఏడు నుంచి రెండుకి వచ్చింది. సిరీస్ స్కోర్లు 41, 43, 40, 44, 43, 43. మూడో సిరీస్ 40 ఎందుకంటే కుడి ప్లగ్ జారింది, దించి సరిచేసుకోకుండా కొట్టేశాను.

ఆడియోగ్రామ్ మళ్ళీ దీపావళికి ముందే తీయించాలి, తర్వాత తీయిస్తే ఏ మోత దేన్ని చెడగొట్టిందో ఈసారీ తేలదు. పాత మఫ్‌కి కొత్త కుషన్లు వేసి గిర్నిలో పట్టా పక్కన మేకుకి తగిలించాను. బాపు మూడు రోజులు దాని మీద తువ్వాల ఆరేశాడు. నాలుగో రోజు తువ్వాల పక్క మేకు మీద ఉంది, మఫ్ మీద పిండి చేతుల గుర్తులున్నాయి. నేనేమీ అడగలేదు.