రెగట్టాల క్యాలెండర్ సర్దిన రోజు

ఈసారి మా స్నైప్ వాళ్లందరికీ, అంటే ఇద్దరు నడిపే ఆ చిన్న తెరచాప పడవతో పోటీపడేవాళ్లందరికీ, పంపాల్సిన సమాచారం నేను రాస్తానని మాటిచ్చాను కాబట్టి ఈరోజు సెలవంతా దానికే సరిపోయింది. నాకు ఇష్టమైన పనే. రాబోయే రెగట్టాలు (తెరచాప పడవల పోటీలు), కొత్తగా చేరినవాళ్లు, క్రూ (పడవలో రెండో మనిషి) కోసం వెతుకుతున్నవాళ్లు, అమ్మకానికి వచ్చిన పడవలు, అంతే విషయం, మొత్తం కలిపి రెండు పేజీలు దాటదు. కానీ ఆ రెండు పేజీల్లో ఏది పైన ఉండాలి, ఏది కింద ఉండాలి అన్నదాని మీదే పొద్దుటి నుంచి నా మనసంతా ఉంది.

ముందు తేదీలు తేల్చాలి. వచ్చే నెలలో ఒక రోజు పోటీ, ఆ తర్వాత రెండు రోజుల రెగట్టా, సీజన్ చివర్లో మా క్లాస్ (ఒకే రకం పడవలవాళ్ల వర్గం) ఛాంపియన్‌షిప్. ఇందులో రెండు రోజుల రెగట్టా సరిగ్గా ఇంకో క్లాస్ వాళ్ల ఛాంపియన్‌షిప్ రోజునే పడింది. వాళ్ల పడవలు వేరు, మన పడవలు వేరు కదా, నీళ్లు అందరికీ సరిపోతాయి కదా అని బయటివాళ్లకు అనిపిస్తుంది. పడవలు వేరే గానీ రేస్ ఆఫీసర్ ఒకరే, జడ్జీలు ఒకరే, రేసు దారికి గుర్తుగా నీళ్లలో తేలే బోయలు వేసేవాళ్లు, రెస్క్యూ బోట్ నడిపేవాళ్లు అందరూ ఒకరే. వాళ్లంతా డబ్బు తీసుకోకుండా వారాంతాలు వదులుకుని వస్తారు. రెండు చోట్లా సగం సగం మందితో పోటీ పెడితే గాలి ఒక్కసారిగా పెరిగినప్పుడు బోల్తా పడ్డ పడవల దగ్గరికి సమయానికి ఎవరూ చేరలేరు. అందుకే అవతలి క్లాస్ క్యాలెండర్ చూసేవారికి ఫోన్ చేసి మాట్లాడి, మనమే మన తేదీని ఒక వారం జరిపాం. మార్చడం తేలికే, మార్చిన సంగతి అందరికీ చేరడమే కష్టం, ప్రయాణాలు ఖాయం చేసుకున్నవాళ్లు కొందరు ఇప్పటికే ఉంటారు, వాళ్లకి విడిగా ఒక్కొక్కరికీ చెప్పాను.

తర్వాత నోటీస్ ఆఫ్ రేస్. పోటీ ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పాల్గొనవచ్చు, పేరు ఎప్పటిలోగా ఇవ్వాలి, ఎన్ని రేసులు పెట్టాలనుకుంటున్నారు, ఏ నియమాల కింద నడుస్తుంది, ఇవన్నీ చెప్పే కాగితం అది. పాత కాగితం తెరిచి తేదీలు మార్చి పంపేయడం చాలాచోట్ల అలవాటు, అలా చేస్తే లోపల 2021–2024 నియమాలు అని అలాగే మిగిలిపోతుంది. ఇప్పుడు నడుస్తున్నవి ఈ క్రీడకి అంతర్జాతీయ సంస్థ అయిన వరల్డ్ సెయిలింగ్ వారి 2025–2028 నియమాలు, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. చిన్న తేడాలే కదా అనుకోకూడదు, పోటీలో వచ్చిన ఫిర్యాదులు విచారించే ప్రొటెస్ట్ గదిలో కూర్చున్నప్పుడు ఆ కాగితంలో ఉన్న ప్రతి అక్షరానికీ విలువ ఉంటుంది.

పాయింట్ల దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, మన దగ్గర తక్కువ పాయింట్లు వచ్చినవాళ్లే గెలుస్తారు. మొదట వచ్చిన పడవకి 1, రెండో పడవకి 2, అలా. రేసు పూర్తి చేయలేకపోతే పేరిచ్చిన పడవల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ పాయింట్లు పడతాయి, అంటే 20 పడవలున్న రెగట్టాలో 21. అన్నిటికంటే చెడ్డ ఫలితం ఒకటి లెక్కలోంచి తీసేస్తారు, దాన్నే డిస్కార్డ్ అంటాం. ఎన్ని రేసులు జరిగితే డిస్కార్డ్ వర్తిస్తుందో నోటీసులోనే స్పష్టంగా రాయాలని నా పట్టుదల. ఒక రోజు పోటీలో నాలుగు రేసులు పూర్తయితే చాలు, డిస్కార్డ్ ఇవ్వాలి. మొదటిసారి వచ్చిన జంట మొదటి రేసులోనే బోల్తా పడిందనుకోండి, ఆ 21 పాయింట్లు చివరిదాకా మెడకి వేలాడుతుంటే వాళ్లు మధ్యాహ్నం భోజనానికే పడవ సర్దుకుని వెళ్లిపోతారు. ఆ ఒక్కటీ పోతుందని తెలిస్తే మళ్లీ నీళ్లలోకి దిగుతారు. పైవరసలో ఉన్నవాళ్లకి డిస్కార్డ్ ఒక లెక్క, కొత్తవాళ్లకి అది రెండో అవకాశం. ఇది రేస్ కమిటీకి రాసి పంపాను, ఒప్పుకున్నారు.

పదకొండు దాటాక ఒక ఫోన్ వచ్చింది. ఈ మధ్యే చేరిన అబ్బాయి, కాలేజీలో చదువుతున్నాడు. "అక్కా, మాకు దొరికిన పడవ నాకంటే వయసులో చాలా పెద్దది, దీంతో రెగట్టాకి రానిస్తారా, అందరూ నవ్వరు కదా?" అన్నాడు. ఎవరూ నవ్వరురా, తప్పకుండా తీసుకురా అన్నాను, ఆ తర్వాత చాలాసేపు మాట్లాడాను, ఎందుకంటే ఆ ప్రశ్నలోనే మా క్లాస్ సంగతంతా ఉంది.

స్నైప్‌ని 1931లో విలియం క్రాస్బీ గీశాడు, అమెరికాలో ఒక పడవల పత్రికకి సంపాదకుడాయన. బండి వెనక కట్టుకుని ఎక్కడికైనా తీసుకెళ్లగలిగే, ఇంటి దగ్గర చెక్కతో చేసుకోగలిగే చిన్న పడవ కావాలన్నది అప్పటి కోరిక. పొడవు 4.7 మీటర్లు, ఇద్దరు మనుషులు, ఒక పెద్ద తెరచాప, ముందు జిబ్ అనే ఒక చిన్న తెరచాప. ప్లాన్ పత్రికలో వచ్చాక మొదటి పడవని పూర్తి చేసింది మిసిసిపీలో ఉండే పద్నాలుగేళ్ల కుర్రాడు, తండ్రి సాయంతో. మరుసటి ఏడాది 1932లోనే క్లాస్ అసోసియేషన్ పుట్టింది. ఈ క్లాస్ ఎప్పుడూ ఒలింపిక్స్‌లో లేదు, అయినా తొంభై ఏళ్లు దాటి ఇంకా రెగట్టాలు జరుగుతున్నాయంటే కారణం ఆ అసోసియేషన్ కొలతల విషయంలో పట్టు వదలకపోవడమే. పడవ బరువు 172.8 కిలోలకి తగ్గకూడదు. బరువు సరిపోతే చాలదు, పడవని వేలాడదీసి ఊపి చూస్తారు కూడా. ఊగడానికి ఎంత సమయం పడుతుందో చూస్తే బరువంతా మధ్యలో కుక్కి రెండు కొసలూ తేలిక చేశారేమో తెలిసిపోతుంది. కొసలు తేలికైన పడవ అలల మీద ముక్కు తొందరగా ఎత్తుతుంది, డబ్బున్నవాడు అలాంటిది చేయించుకుంటే మిగతా పడవలన్నీ ఒక్క సీజన్‌లో పాతబడిపోతాయి. ఊపి చూసే ఆ పరీక్ష ఉంది కాబట్టే వాడిన పడవ కొనుక్కున్న కుర్రాడు కూడా వరసలో నిలబడగలుగుతున్నాడు.

అంటే పాత పడవ కొత్తదానితో సమానం అని నేను వాడికి చెప్పలేదు. కాదు కూడా. ఏళ్ల తరబడి నీళ్లు పట్టిన పడవ కనీస బరువు కంటే ఎక్కువే తూగుతుంది, అడుగు భాగం గట్టిదనం తగ్గుతుంది. కానీ చేతిలో ఉన్న డబ్బుకి ఏం కొనాలి అని అడిగితే, కొత్త తెరచాప కొను అన్నాను. సాగిపోయిన తెరచాపతో ఎదురుగాలికి ఎంత దగ్గరగా పోదామన్నా పోదు, ఆ తేడా పడవ వయసు వల్ల వచ్చే తేడా కంటే ఎక్కువ. అడుగుని నున్నగా రుద్దు, డాగర్ బోర్డ్ (పడవ పక్కకి జారకుండా నీళ్లలోకి దించే పలక) అంచులు సరిచెయ్, తాళ్లు మార్చు. పోటీకి ముందురోజు సాయంత్రం వస్తే తూకం వేసి, కాగితాలు చూసి ఏమైనా తక్కువుంటే అప్పుడే సరిచేద్దాం అని చెప్పాను. కాసేపటికే పేరిచ్చేశాడు.

ఇక క్రూ కావాలి అన్న జాబితా. ఇద్దరు మనుషుల పడవకి ఇదే పెద్ద బెంగ. పడవ ఉంటుంది, గాలి ఉంటుంది, రెండో మనిషి ఉండరు. చుక్కాని పట్టుకున్న స్కిప్పర్ పేరే ఫలితాల్లో ముందు కనిపిస్తుంది గానీ ముందు కూర్చున్న మనిషి లేకుండా స్నైప్‌లో ఏమీ జరగదు. జిబ్ సర్దాలి, గాలివాటంగా పోతున్నప్పుడు ఆ జిబ్‌ని పోల్‌తో బయటికి తోసి పట్టాలి, నీటి మీద నల్లగా కదిలి వచ్చే గాలి విసురుని ముందే చూసి చెప్పాలి, గాలి పెరిగితే అంచు మీద నుంచి నడుం వెనక్కి వంచి వేలాడాలి. పడవ బయటికి వేలాడేందుకు కట్టుకునే ట్రపీజ్ లేదు, గాలివాటానికి ఎత్తే పెద్ద తెరచాప స్పినేకర్ లేదు, కాబట్టి నేర్చుకోవడం మరీ భయపెట్టదు. తల్లీకొడుకులు, భార్యాభర్తలు, తాతా మనవరాలు కలిసి పోటీ చేయగలిగే పడవ ఇది. అమెరికా ఖండాల దేశాలు పోటీపడే పాన్ అమెరికన్ గేమ్స్‌లో 2019 లీమా నుంచి స్నైప్‌ని ఒక ఆడ, ఒక మగ కలిసి నడిపే పోటీగా మార్చారు, అది మంచి పని అనిపించింది నాకు. రెండో మనిషి దొరకడమే కష్టం కాబట్టి ఈసారి జాబితాలో స్కిప్పర్ కావాలన్న క్రూ పేర్లు, క్రూ కావాలన్న స్కిప్పర్ పేర్లు పక్కపక్కనే రాశాను, బరువు, అనుభవం, ఏ రోజుల్లో వీలో కూడా పక్కనే. పోయినసారి విడివిడిగా వేస్తే ఎవరూ కలుపుకుని చదవలేదు.

మధ్యాహ్నం తర్వాత గాలి నిలకడగా ఉండటంతో కాగితాలు పక్కన పెట్టి ప్రాక్టీస్‌కి వెళ్లాను. స్టార్ట్‌లు మాత్రమే చేద్దాం అనుకున్నాం. ఐదు నిమిషాలప్పుడు క్లాస్ జెండా, నాలుగప్పుడు రెండో జెండా, ఒక నిమిషం ఉండగా రెండోది దిగుతుంది, సున్నా దగ్గర క్లాస్ జెండా దిగుతుంది. కూత వినపడకపోయినా జెండానే లెక్క. కొత్తవాళ్లు గడియారం చూస్తూ స్టార్ట్ లైన్ మర్చిపోతారు, లేదా లైన్ చూస్తూ గాలి మర్చిపోతారు, చివరి నిమిషంలో పడవని దాదాపు కదలకుండా నిలిపి, ఆఖరి సెకన్లలో తెరచాప లాగి వేగం అందుకోవడం ఎంత కష్టమో చేస్తేనే తెలుస్తుంది. దాంతోపాటు దారి ఎవరిదన్న గొడవ. ఎడమ వైపు నుంచి గాలి తగులుతున్న పడవ, కుడి వైపు నుంచి గాలి తగులుతున్న పడవకి దారివ్వాలి, ఇది కాగితం మీద ఒక్క వాక్యం. నీళ్ల మీద పక్కనే ఇంకో నాలుగు పడవలు అరుస్తుంటే ఆ వాక్యం గుర్తురావడానికి చాలా స్టార్ట్‌లు చేయాలి. ఈరోజు ఒక జంట మొదట లైన్‌కి బాగా వెనక నుంచి మొదలుపెట్టి, ప్రాక్టీస్ ముగిసేసరికి ముందు వరసలో నిలబడటం చూశాను, వాళ్ల కంటే నాకే ఎక్కువ సంతోషం వేసింది.

తిరిగొచ్చాక అసలు చర్చ. నాతోపాటు ఈ పని చూసే పెద్దాయన ఛాంపియన్‌షిప్ వార్త పైన పెట్టమన్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. పెద్ద పేర్లు చూస్తే జనం వస్తారంటారాయన. వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన పాల్ ఎల్వ్‌స్ట్రోమ్ 1959లో స్నైప్ ప్రపంచ ఛాంపియన్, బ్రెజిల్ తోర్బెన్ గ్రాయెల్ ఈ క్లాస్‌లో గెలిచాకే ఒలింపిక్స్‌కి వెళ్లాడు, అర్జెంటీనా సాంతియాగో లాంగె ఈ క్లాస్‌లో ప్రపంచ ఛాంపియన్ అయి, ఎన్నో ఏళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకుని మరుసటి ఏడాదే, 54 ఏళ్ల వయసులో 2016 రియోలో సెసీలియా కరాంసాతో కలిసి వేరే పడవలో స్వర్ణం గెలిచాడు. లాంగె సంగతి ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

"కానీ సార్, ఛాంపియన్‌షిప్‌కి రావాలనుకున్నవాళ్లు మనం చెప్పకపోయినా వస్తారు, వాళ్లకి తేదీ ఎప్పుడో తెలుసు. ఒక రోజు పోటీకి రావాల్సినవాళ్లే మనం పిలిస్తే గానీ రారు" అన్నాను. ఆ కాలేజీ అబ్బాయి, లైన్ దగ్గర నిలబడటం నేర్చుకున్న ఆ జంట, వీళ్లు ఒక రోజు పోటీకి వచ్చి, నాలుగు రేసులు చేసి, సాయంత్రం పడవలు కడుగుతూ పక్కవాళ్లని "మీ మాస్ట్ (తెరచాప కొయ్య) ఎంత వెనక్కి వంచారు?" అని అడిగితే, ఛాంపియన్‌షిప్‌కి వాళ్లంతట వాళ్లే పేరిస్తారు. ఆ చిన్న పోటీకి ఎనిమిది పడవలు కూడా రాకపోతే రెండేళ్లలో పెద్దదానికీ వరస పలచబడుతుంది. ఇది నేను గట్టిగా నమ్ముతాను, ఆయనతో వాదించడానికి మొహమాటపడలేదు. కాసేపు ఆలోచించి, సరే అలాగే పెట్టమ్మా, ఛాంపియన్‌షిప్‌కి మాత్రం పేర్లు ఇవ్వాల్సిన ఆఖరి తేదీ పెద్ద అక్షరాల్లో వెయ్యి అన్నారు. వేశాను.

అలా మొదట ఒక రోజు పోటీ, దాని కింద క్రూ జాబితా, తర్వాత మారిన తేదీ, ఆ తర్వాత ఛాంపియన్‌షిప్, చివర్లో అమ్మకానికి ఉన్న పడవలు. ఒక్కటి తేలలేదు. ఒక రోజు పోటీకి బోయలు వేసే బోట్‌కి మనిషి దొరికారు, రెండో రెస్క్యూ బోట్‌కి ఇంకా దొరకలేదు. అది లేకుండా రేసు మొదలుపెట్టేది లేదని రేస్ ఆఫీసర్ చెప్పేశారు, నేనూ అదే అంటాను. రేపు పొద్దున్నే ఈ సీజన్‌కి పోటీ మానేసిన పాత స్కిప్పర్లకి వరసగా ఫోన్లు చేస్తాను, వాళ్లలో ఒకరు ఒప్పుకోగానే ఇది అందరికీ పంపేస్తాను.