దీపం ఆరినా ఆగని హీటరు

తెల్లవారుజామున నాలుగున్నరకు బాబాయి ఫోన్ చేసి, "కంట్రోలర్ మీద హీటరు నడుస్తోందని చూపే లైటు ఆరిపోయిందిరా, వేడి మాత్రం ఎక్కుతానే ఉంది" అన్నారు. అంబాజీపేట దగ్గరి మా తోటలో ఎండుకొబ్బరి డ్రయ్యరుకు కంట్రోల్ ప్యానెల్ కట్టింది నేనే కాబట్టి, ఆ మాట వినగానే గుండె జారింది. నేను వెళ్లేసరికి 60 డిగ్రీల దగ్గర నిలవవలసిన వేడి 84కు చేరింది. పై తట్టలోని చిప్పలు అంచుల వెంట గోధుమరంగుకు తిరిగి, మాడిన నూనె వాసన వేస్తున్నాయి. సగానికి సగం నీరుండే పచ్చి కొబ్బరిని ఆరు శాతం తేమకు దించాలంటే నిదానమైన వేడి కావాలి. తొందరపెడితే పైన మాడి, లోపల పచ్చిగా మిగులుతుంది.

కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చి దించి, కరెంటు లేదని టెస్టర్‌తో నిర్ధారించుకున్నాక, హీటర్లకు కరెంటు ఇచ్చి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్చులైన రెండు సాలిడ్ స్టేట్ రిలేల అవుట్‌పుట్ తీగలు విప్పి మల్టీమీటర్ పెట్టాను. మొదటిది కరెంటుకు అర ఓము అడ్డు కూడా చూపలేదు, అంటే లోపల అతుక్కుపోయింది. ఈ రిలేలు చెడినప్పుడు ఎక్కువగా ఇలాగే కరెంటు పారే స్థితిలో ఉండిపోతాయి. కంట్రోలర్ ఎన్నిసార్లు ఆపమన్నా హీటరు ఆగదు. రెండోది ఓముల్లో బాగానే ఉంది కానీ, హీటరు కలపకుండా కరెంటు ఇచ్చి చూస్తే, ఆపిన స్థితిలోనే అవుట్‌పుట్ దగ్గర 200 వోల్టులకు పైగా కనిపించింది. దాన్నీ పారేయబోయి ఆగాను. ఇటువంటి రిలే ఆగి ఉన్నప్పుడు కూడా కొన్ని మిల్లీఆంపియర్లు జారుతూనే ఉంటాయి, మీటరుకు ఆ మాత్రం చాలు. 60 వాట్ల బల్బు తగిలించగానే వోల్టేజీ దాదాపు సున్నాకు పడింది. ఆ రిలే మంచిదే.

చెడినదాన్ని, దాని వేడిని లాగే లోహపు దిమ్మ అయిన హీట్ సింక్ నుంచి విప్పితే అసలు కారణం తెలిసింది. రిలే వేడిని దానికి చేర్చే తెల్లని పేస్టు రేకులో సగం మేరకే అంటుకుని సుద్దలా పొడిబారింది, ఒక స్క్రూ వేలితోనే తిరిగింది. 3 కిలోవాట్ల హీటరు 13 ఆంపియర్లు లాగుతుంది. ఆంపియరుకు సుమారు ఒక వాటు చొప్పున ఒక్కో రిలేలో అంత వేడి పుడుతూనే ఉంటుంది. బల్లులు దూరుతాయని పెట్టె గాలి రంధ్రాలకు నేనే గుడ్డ కుక్కాను, దాంతో ఆ వేడికి బయటికి దారి లేకుండా పోయింది. మీద 40 ఆంపియర్లని రాసి ఉందని ధీమాగా ఉండడం నా తప్పు. ఆ అంకె చల్లగా ఉన్న హీట్ సింక్‌కు మాత్రమే చెల్లుతుంది.

మధ్యాహ్నం అమలాపురం వెళ్లి కొత్త రిలే, పేస్టు, కాంటాక్టర్ అనే పెద్ద కరెంటు స్విచ్చి, వేడి హద్దు దాటితే దాన్ని ఆపే విడి థర్మోస్టాట్ తెచ్చాను. గుడ్డ తీసి సన్నని జాలీ బిగించాను. హీటర్ల తీగలో ముందుగా కాంటాక్టర్ పెట్టి, దాన్ని 70 డిగ్రీలకు సర్దిన థర్మోస్టాట్‌కు అప్పగించాను. రాత్రి ఎనిమిదింటికి కావాలనే దాన్ని 50కి దించి చూస్తే, డ్రయ్యరు లోపలి వేడి 50 దాటుతూనే కాంటాక్టర్ టక్కున వదిలి హీటర్లు రెండూ ఆగిపోయాయి. మళ్లీ 70కి తిప్పి తలుపు తెరిచాను. బాబాయి మాడిన చిప్పలు వేరు చేసి, కొత్త తట్టలు పేర్చడం మొదలుపెట్టారు.