సైన్ బోర్డుల పనికి జాగ ఎట్లా ఎంచుకున్నాం: నల్లగొండలో మా అనుభవం

ఫ్లెక్స్ బ్యానర్లతో మొదలైన పని ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) బోర్డులు, ఎల్‌ఈడీ అక్షరాల దాకా పెరిగితే పాత మడిగె ఇక సరిపోదు. కొత్త జాగ చూస్తున్నామంటే ఎవరైనా అడిగేవి రెండే: ఎన్ని చదరపు అడుగులు, కిరాయి ఎంత? మా పనికి ఆ రెండూ తర్వాతి సంగతి. మధ్యలో ఏ అడ్డం లేకుండా ఎంత పొడవు దొరుకుతుందన్నది ముందు చూడాలి. వెయ్యి చదరపు అడుగుల మడిగె అయినా నడుమ రెండు పిల్లర్లుంటే 20 అడుగుల బోర్డు పరుచుకునే చోటు ఉండదు. నల్లగొండలో మేం చూసిన కాంప్లెక్సుల్లో చాలావాటికి పిల్లర్ల నడుమ 10, 12 అడుగులే ఉంది. క్లాక్ టవర్ చుట్టుపక్కల మడిగెలను మేం వర్క్‌షాప్ కోసం వద్దనుకోవడానికి కిరాయి కన్నా ఇదే పెద్ద కారణం.

ఎంత జాగ కావాలో మన సరుకే చెప్తుంది. స్క్వేర్ పైపు 20 అడుగుల పొడవులో వస్తుంది. ఏసీపీ, అక్రిలిక్ షీట్లు 8×4. పెద్ద ఫ్లెక్స్ రోలు 10 అడుగుల వెడల్పు, 50 మీటర్ల పొడవు. 280 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 280 గ్రాముల) రకమైతే బరువు 40 కిలోలు దాటుతుంది, ఇద్దరు పట్టాల్సిందే. షాపు మీదికి వెళ్లే 20×4 బోర్డు ఫ్రేమును నేల మీద పెట్టి వెల్డింగ్ చేస్తూ చుట్టూ తిరగాలంటే, నాలుగు పక్కలా మూడేసి అడుగులు వదిలి, 26×10 చదునైన నేల కావాలి. పది అడుగుల ఫ్లెక్స్ వేసే సాల్వెంట్ ఇంకు ప్రింటరు పొడవు దాదాపు 15 అడుగులు. వెనక రోలు ఎక్కించడానికి, ముందు ప్రింటు ఆరడానికి నాలుగేసి అడుగులు, ఇంకు పోసే పక్క మూడడుగులు వదిలితే ఆ ఒక్క మిషనుకే 20×12 గది పోతుంది. 8×4 బెడ్డున్న సీఎన్‌సీ రౌటరుకు (షీట్లు కోసే కంప్యూటర్ మిషనుకు) చుట్టూ తిరిగే జాగతో కలిపి 16×13 అడుగులు అనుకోండి.

ఈ లెక్కలు కాగితం మీద అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. అందుకే జాగ చూడ్డానికి వెళ్లేటప్పుడు టేపు, సుద్దముక్క, మల్టీమీటరు వెంట ఉండాలి. మిషన్ల కొలతలు నేల మీద సుద్దతో గీసి, వాటి మధ్య మనిషి షీటు పట్టుకొని నడవగలడా చూడాలి. వీలైతే ఒక 20 అడుగుల పైపును షట్టర్‌లోంచి లోపలికి తెచ్చి తిప్పి చూడాలి. షట్టర్ వెడల్పుగానే ఉన్నా దాని ముందున్న గల్లీ మరీ ఇరుకైతే పైపు మలుపు తిరగదు, ప్రింటరు వచ్చే చెక్కపెట్టె అసలే తిరగదు. బండి వెనక్కి వచ్చి షట్టర్ దాకా ఆనుకునే వీలుందా అన్నదీ అప్పుడే తేలిపోతుంది.

తలెత్తి పైకి కూడా చూడండి. బైపాస్ పక్క ప్లాట్లలో కొన్నిటి ముందు నుంచే 11 కేవీ (11 వేల వోల్టుల) లైను పోతుంది. నిలబెట్టిన ఇనుప ఫ్రేము ఆ లైను దాకా పోనక్కర్లేదు, బాగా దగ్గరికి పోయినా ప్రాణం పోతుంది. గేటు మీదుగా లైనున్న షెడ్డు ఎంత చవకగా వచ్చినా మేం లెక్కలోకి తీసుకోలేదు. ఎవరినీ తీసుకోవద్దనే చెప్తాం.

ఊళ్లోనా, ఊరి బయటా? మా పనిని రెండుగా విడదీస్తే దీనికి జవాబు దొరికింది. పుట్టినరోజు బ్యానర్లు, శ్రద్ధాంజలి ఫ్లెక్సులు, వినాయక చవితి, బతుకమ్మ పండుగల పని సాయంత్రం వచ్చి గంటలో కావాలంటారు. ఆ గిరాకీ నడిచి వచ్చే దగ్గరే ఉంటుంది. షాపు బోర్డు చేయించుకునేవాళ్లు అట్లా కాదు. కొలతకు మనమే వాళ్ల దగ్గరికి పోతాం, డిజైను వాట్సాప్‌లో ఓకే అవుతుంది, బిగించడానికీ మనమే పోతాం. వాళ్లకు మన వర్క్‌షాప్ ఎక్కడుందన్నదానితో పనే లేదు. అందుకని ఊళ్లో చిన్న మడిగె ఉంచి అందులో కౌంటరు, కంప్యూటరు, ఆరడుగుల ప్రింటరు పెట్టాం. పెద్ద మిషన్లు, వెల్డింగ్, రౌటరు దేవరకొండ రోడ్డు వైపు షెడ్డులోకి మార్చాం. రెండు కిరాయిలు కలిపినా మెయిన్ రోడ్డు మీద అంత పెద్ద జాగ కన్నా తక్కువే పడింది.

ఊరి బయట షెడ్డు తీసుకునేటప్పుడు పక్కన ఎవరున్నారో చూడకపోతే మిషను పాడవుతుంది. మన జిల్లాలో రైస్ మిల్లులు, పత్తి జిన్నింగ్ మిల్లులు ఎక్కువ. ఊక దుమ్ము తడి ప్రింటు మీద వాలితే రంగులో గరుకు గింజలు కనిపిస్తాయి, తుడిస్తే ఇంకు చెదిరిపోతుంది. పత్తి నూగు అంతకన్నా చెడ్డది: ప్రింటరులో ఇంకు చిమ్మే హెడ్డు కింద చేరి ఒక సన్నటి పోగు ప్రింటు పొడవునా గీత గీసుకుంటూ పోతుంది. సీజనులో గాలి ఎటు వీస్తుందో, మిల్లు ఎటుందో చూసుకోండి. షెడ్డు ముందు మట్టి రోడ్డయితే లారీ పోయినప్పుడల్లా లేచే దుబ్బ కూడా లోపలికే.

కరెంటు దగ్గర ఎక్కువ సేపు ఆగాలి. మా లోడు లెక్క ఇది: హీటర్లతో కలిపి ప్రింటరు 6 కిలోవాట్లు, రౌటరు స్పిండిల్ 4.5, దాని వ్యాక్యూమ్ పంపు 5.5, లేజరు కటింగ్ మిషను, దాన్ని చల్లబరిచే చిల్లరు కలిపి 3, వెల్డింగ్ 5, రెండు ఏసీలు 4, కంప్రెసరు, లైట్లు, ఫ్యాన్లు 3. అన్నీ కలిపితే 31 అవుతుంది గానీ ఒకేసారి నడవవు. 20 కిలోవాట్ల త్రీఫేజ్ లోడు పెట్టించుకున్నాం. పాత మీటరు ఓనర్ పేరు మీద తక్కువ లోడుతో ఉంటే పెంచడానికి కరెంటు కంపెనీ టీజీఎస్‌పీడీసీఎల్‌కు కట్టే డెవలప్‌మెంట్ ఛార్జీలు తిరిగి రావు, లోడు మాత్రం ఆ జాగకే ఉండిపోతుంది. కాబట్టి ఆ ఖర్చును కిరాయిలో తగ్గించాలని ముందే మాట్లాడుకోవడం న్యాయం. మన పని కమర్షియల్ కేటగిరీలోకి వస్తుందా, ఇండస్ట్రీలోకా అన్నది సెక్షన్ ఆఫీసులో అడిగి తేల్చుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వాలి. యూనిట్ ధర దాన్ని బట్టే ఉంటుంది.

వోల్టేజీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలవండి. ఫేజుల మధ్య 415 దగ్గర్లో ఉండాలి. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద బోరు మోటర్లుంటే నాట్ల కాలంలో ఎంతకు పడుతుందో పక్కవాళ్లను అడగండి. ఎర్తింగ్ ఇంకా ముఖ్యం. ఫ్లెక్స్ రోలు విప్పుకుంటూ పోయేటప్పుడు స్టాటిక్ పుడుతుంది. ఎర్తింగ్ బాగా లేకపోతే ఇంకు చినుకులు చెదరడం నుంచి హెడ్ బోర్డు కాలిపోవడం దాకా ఏదైనా జరగొచ్చు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 2 వోల్టులు దాటకుండా చూసుకుంటాం. మన దగ్గర కొంచెం తవ్వితే బండ తగులుతుంది. అట్లాంటి చోట ఎర్త్ గుంత లోతుకు దిగదు, దిగినా ఎండకాలం ఆరిపోతుంది. గుంతకు వీలైన మెత్తటి నేల ఆవరణలో ఎక్కడుందో, అక్కడికి నీళ్లు అందుతాయో లేదో చూశాకే షెడ్డు ఖాయం చేసుకోండి.

రేకుల కింద మే నెలలో ప్రింటరు నడవదు. హెడ్డు నాజిళ్ల దగ్గరే ఇంకు ఆరిపోయి ప్రింటులో లైన్లు తప్పిపోతాయి, వినైల్ స్టిక్కర్ గమ్ము మెత్తబడుతుంది. షెడ్డు మొత్తాన్ని చల్లబరచడం దండగ. లోపలే పఫ్ ప్యానెళ్లతో (వేడిని ఆపే ఫోమ్ పలకలతో) 20×14 క్యాబిన్ కట్టి దానికి మాత్రం రెండు ఏసీలు పెట్టాం. రౌటరు, వెల్డింగ్ ఆ క్యాబిన్‌కు దూరంగా అవతలి కొసన ఉండాలి. ఏసీపీ కోసినప్పుడు ఎగిరే అల్యూమినియం పొట్టులోంచి కరెంటు పారుతుంది. అది ప్రింటరు బోర్డుల మీద పడితే షార్టే. ఇక సాల్వెంట్ ఇంకు ఆవిరి ఉన్న దగ్గర వెల్డింగ్ నిప్పురవ్వలకు తావే ఉండకూడదు. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, కిందికే దిగుతుంది. అందుకే ఎగ్జాస్ట్ ఫ్యాను పైన గోడకు కాకుండా నేలకు అడుగు ఎత్తులో పెట్టాలి. పైన కుటుంబాలు ఉండే బిల్డింగు ఈ పనికి పనికిరాదు.

ఎల్‌ఈడీ అక్షరాలు వెలిగించి చూడ్డానికి ఒక చీకటి మూల, పది అడుగుల దూరం కావాలి. దగ్గర నుంచి చూస్తే మాడ్యూళ్ల చుక్కలు తెలుస్తాయా, అక్షరం అంతటా వెలుగు సమంగా ఉందా అన్నది అర్థం కాదు.

కాగితాల్లో మొదట అడగాల్సింది ఇంటి నంబరున్న ఆస్తిపన్ను రసీదు. అది లేని షెడ్డుకు జీఎస్టీలో అడ్రసు ఎక్కించడం కష్టం. అడ్రసు మారాక 15 రోజుల్లో సవరణకు పెట్టుకోవాలి. ఊరి బయట జాగ వ్యవసాయ భూమి నుంచి నాలా కింద (వ్యవసాయేతర భూమిగా) మారిందా, చెరువు ఎఫ్‌టీఎల్‌లో (నిండితే నీళ్లు వచ్చే హద్దులో) లేదుగదా అన్నది కాగితం చూసే నమ్మండి. ఓనర్‌కు జీఎస్టీ ఉంటే కిరాయి మీద 18 శాతం ఆయనే బిల్లులో వేస్తాడు. లేకపోతే 2024 అక్టోబర్ 10 నుంచి రిజిస్టర్డ్ కిరాయిదారే రివర్స్ ఛార్జ్ కింద నగదుగా కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి. కంపోజిషన్‌లో (చిన్న వ్యాపారుల జీఎస్టీ పద్ధతిలో) ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. కిరాయి మాట్లాడేటప్పుడే ఈ నగదు తిప్పుకోవడం లెక్కలో ఉండాలి.

అగ్రిమెంటు 11 నెలలకు రాసుకోవడం చాలామందికి అలవాటే, కానీ క్యాబిన్ కట్టి, ఎర్త్ గుంతలు తవ్వి, లోడు పెంచిన చోట 11 నెలలకే ఖాళీ చేయమంటే దిక్కుండదు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి; ఆ ఖర్చు పెట్టుకొనైనా కనీసం ఐదేళ్లకు రాయించుకోవడమే మేలు. ఏటా కిరాయి ఎంత శాతం పెరుగుతుందో, షెడ్డు రేకు గాలిదుమారానికి లేస్తే ఎవరు వేయిస్తారో, ఖాళీ చేసేటప్పుడు పఫ్ ప్యానెళ్లు, ప్యానెల్ బోర్డు, కేబుళ్లు మనం విప్పుకొని పోవచ్చని ఆ కాగితంలోనే ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయించుకోండి.